రత్నమ్మ పెద్దమ్మ సోమవారాలు

నిన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. పసుపు సీజను నడుమ, డ్రమ్ము నిండా కొమ్ములు పోసి పాలిషు పడుతున్నప్పుడు కరెంటు పోతే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. మా యూనిట్‌లో పనివాళ్లు లైన్‌మన్‌తో మొదలుపెట్టి అతని పై ఆఫీసర్ల దాకా వరసబెట్టి తిట్టారు. డ్రమ్ము ఇంకో రెండు మూడు చుట్లు బద్ధకంగా తిరిగి, లోపలి కొమ్ములు గలగలమని ఒక పక్కకు జారి, ఆగిపోయింది. పొద్దుటి నుంచీ చెవుల్లో నిండి ఉన్న ఆ చప్పుడు ఒక్కసారిగా పోయేసరికి షెడ్డు ఉన్నట్టుండి పెద్దదైనట్టు అనిపించింది. గాలిలో లేచిన పసుపు దుమ్ము మెల్లగా దిగి మా రెప్పల మీద, మీసాల మీద, చాయ్ గ్లాసుల మీద వాలుతోంది. రేకుల మీద పావురాలు నడుస్తున్న చప్పుడు కూడా వినబడింది. నేను గోనెసంచుల మీద కూలబడ్డాను. నాకు తెలియకుండానే నవ్వొచ్చింది.

"కరెంటు పోతె నవ్వుతున్నవేంది సేటూ?" అని హమాలీ పోశెట్టి అడిగాడు.

"ఒకామె యాదికొచ్చింది" అన్నాను.

అతను దానికి ఇంకేదో అర్థం తీసుకుని ముసిముసిగా నవ్వుతూ పోయాడు. పోనీ. ఆమె గురించి పోశెట్టికి నిలబడి చెప్పగలిగే ముచ్చట కాదది.

ఆమె పేరు రత్నమ్మ. బాల్కొండ బడిలో తెలుగు చెప్పి రిటైరైన టీచరమ్మ. ఆర్మూరులో మా ఇంటికి ఎదురిల్లు ఆమెది. వరసకు మాకేమీ కాదు గాని, మా అమ్మ 'అక్కా' అని పిలిచేది కనుక నాకు పెద్దమ్మ అయింది. భర్త పోయాడు, పిల్లలు లేరు. వారానికి ఒక పూట మౌనం పట్టేది. మౌనం పాటించే మనిషి అనగానే ఆమెను చూడనివారికి తెల్లచీర, సన్నని గొంతు, నేలచూపులు గుర్తుకు రావచ్చు. అట్లాంటిదేమీ లేదు. పొట్టి మనిషి, గట్టి మనిషి. ఆమె నోటికి వాడకట్టంతా జడిసేది. ఎవరింట్లో ఏ కూర వండారో, ఎవరి కోడలు ఎందుకు అలిగి పుట్టింటికి పోయిందో ఆమెకు తెలియని ముచ్చట లేదు. సర్వపిండిలో పల్లీలు తక్కువేసిన వాళ్లను మూడో రోజు దాకా క్షమించేది కాదు.

అలాంటి నోరు సోమవారం పొద్దున మూతపడేది. గడప మీద ఇత్తడి చెంబు బోర్లించి, తలుపు దగ్గరగా వేసి, ఫోను బియ్యం డబ్బాలో పెట్టేసి, లోపలి గదిలో చాప మీద కూర్చునేది. మధ్యాహ్నం అన్నం వేళ దాకా అంతే. పాట లేదు, ప్రార్థన మాటలు లేవు, బైబిలు వాక్యం చదవడం కూడా లేదు. చెంబు బోర్లించి ఉంటే పాలవాడు కూడా పిలిచేవాడు కాదు, గిన్నెలో పోసి మూతపెట్టి వెళ్లేవాడు. కాని మంగళవారం పొద్దున ఆమె ఇంటి ముందు నుంచి పోయేవాళ్ల పని అయిపోయేది. నిన్న ఆపుకున్న ముచ్చట్లన్నీ వినిపించి గాని వదిలేది కాదు.

మా చర్చి సంఘంలో ప్రార్థన అంటే గొంతు. అందరం ఒక్కసారే లేచి, చేతులెత్తి, ఎవరి మొర వాళ్లం బిగ్గరగా పెట్టుకుంటాం. బయట బస్సు హారను కొట్టినా లోపల వినబడదు. ఎగతాళికి అనడం లేదు సుమా. నేను అందులోనే పెరిగాను, అందులోనే ఏడ్చాను, ఇప్పటికీ ఆదివారం ఆ హోరులో నిలబడితే నా ఒళ్లు గగుర్పొడుస్తుంది. కాని అక్కడ నోరు మూసుకుని నిలబడ్డవాళ్లను మాత్రం మావాళ్లు జాలిగా చూస్తారు, విశ్వాసం చల్లారిపోయిందేమో అనుకుంటారు. రత్నమ్మ పెద్దమ్మ మీద కూడా అలాగే గుసగుసలు నడిచాయి. యోగా చేస్తోందని ఒకరు, భర్త పోయాక మతి చలించిందని ఇంకొకరు. చివరికి మా పాస్టరు అయ్యగారే ఒకనాడు వాళ్లింటికి వచ్చారు. అమ్మ పంపిన మజ్జిగ పట్టుకుని నేను అక్కడే ఉన్నాను.

"టీచరమ్మా, ప్రార్థన బంద్ చేసినవంటున్నరు. మనసుల ఏమన్న బాధ ఉన్నదా?" అని అయ్యగారు మెల్లగా అడిగారు.

"ప్రార్థన బంద్ చెయ్యలే అయ్యగారూ. నేను మాట్లాడుడు బంద్ చేసిన, గంతే. ఆయన మాట్లాడుడు బంద్ చెయ్యలే."

అయ్యగారు మంచి మనిషి. మజ్జిగ తాగి, ఇంకేమీ అడగకుండా లేచి వెళ్లారు. గుసగుసలు మాత్రం వాటి దారిన అవి నడుస్తూనే ఉన్నాయి.

ఇక నా సంగతి. నా విషయంలో దేవుని చిత్తమేమిటో ఊరందరికీ తెలుసు, ఒక్క నాకు తప్ప. నాకన్నా ముందు పుట్టిన అక్క పాలు తాగే వయసులోనే జ్వరంతో పోయిందట. సరిగ్గా ఆ వయసులోనే నాకూ జ్వరం పట్టుకుంది. నిజామాబాదు దవాఖానలో మంచం కోడు పట్టుకుని మా అమ్మ మొక్కుకుంది, వీడు బతికితే వీణ్ణి నీ సేవకే ఇచ్చేస్తానని. నేను బతికాను. ఆనాటి నుంచి మా ఇంట్లో నేను దేవుని సామానును. ఇంకా లాగు సరిగ్గా కట్టుకోవడం రానప్పుడే సంఘంలో నన్ను 'చిన్నయ్యగారు' అనేవారు. ఎవరింట్లో ప్రార్థన కూటం పెట్టుకున్నా నా చేత రెండు మాటలు చెప్పించేవారు. మావాళ్లే కాదు, పక్క వాడకట్టు గంగారెడ్డి తాత బోరు వేయించినప్పుడు కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ పెట్టి, ఆ తర్వాత నన్ను పిలిచి "నీ ప్రార్థనొక్కటి సుత అయిపోనీ కొడుకా" అన్నాడు. నా ఖర్మకు నీళ్లు కూడా బాగా పడ్డాయి. దానితో నా పేరు ఏర్గట్ల దాకా పోయింది.

మా అమ్మ పేరు శాంతమ్మ. ఆ పేరు పెట్టినవాళ్లెవరో గాని ఆమె గొంతు వినకుండా పెట్టారు. ఆమె ప్రార్థన మొదలుపెడితే మైకు అక్కరలేదు, అయినా మైకు ఇచ్చేవారు. రోజూ పొద్దుగూకాక ఇంట్లో మేమిద్దరమే మోకాళ్ల మీద ఉండేవాళ్లం, నాన్న మస్కట్‌లో ఉండేవాడు. అందరి కోసం, అన్నిటి కోసం మొరపెట్టి, చివరికి "నీ కొడుకును నీ సేవకు సిద్ధం చేయి తండ్రీ" అని ముగించేది. నీ కొడుకు అనేది, నా కొడుకు అనేది కాదు. ఆ మాట దగ్గర ఆమె గొంతు ఎందుకు వణికేదో నాకు చాలా ఏళ్లు తెలియలేదు. భక్తి అనుకున్నాను.

డిగ్రీ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న ఎండాకాలం, మా వెనక గల్లీలో గౌస్ భాయి నడిపే పసుపు పాలిషింగ్ యూనిట్‌కు ఊరికే పోయి కూర్చోవడం అలవాటైంది. కూర్చున్నవాణ్ణి లేచి బోల్టు బిగించాను, ఆ తర్వాత బెల్టు మార్చాను. ఉడకబెట్టి కల్లంలో ఎండబెట్టిన కొమ్ములు నల్లగా, గరుకుగా, చూడబుద్ధి కాకుండా వస్తాయి. డ్రమ్ములో ఒకదానికొకటి రాసుకుని రాసుకుని పచ్చగా మెరుస్తూ బయటకు వస్తాయి. దాన్ని చూస్తే నాకు చెప్పలేనంత సంతోషం కలిగేది. కాని వానాకాలంలో హైదరాబాదు సెమినరీలో నన్ను చేర్చడానికి అయ్యగారు అప్పటికే మాట్లాడి ఉంచారు. అమ్మ తెల్లచొక్కాలు కుట్టించింది. నాన్నకు ఫోను చేసి నా మనసు కాస్త విప్పబోతే, "నువ్వేమన్న చెయ్యి బిడ్డా, మీ అమ్మ కండ్లల్ల నీళ్లు మాత్రం తేకు" అని పెట్టేశాడు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. నాకు పోవాలని లేదు. పోవాలని లేకపోవడం సైతాను పని అని చిన్నప్పటి నుంచీ విన్నాను. నేను దేవుని మాట కాదంటున్నానా, అమ్మ మాట కాదంటున్నానా? ఎవరిని అడిగినా, అడగక ముందే జవాబు చెప్పేవారు.

అందుకని ఒక మంగళవారం రత్నమ్మ పెద్దమ్మ దగ్గరకు పోయాను. వరండాలో కాళ్లు చాపుకుని చింతపండు గింజలు తీస్తోంది.

"పెద్దమ్మా, నీకు దేవుని మాట వినబడుతదంట గదా. జర నా సంగతి అడిగి చెప్పు. నన్ను పొమ్మంటున్నడా, ఒద్దంటున్నడా?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నేనేమన్న పోస్టాఫీసు పెట్టుకున్ననారా? నీ సంగతి నాకెందుకు చెప్తడు? నీకు చెవులు లేవా?"

"నాకేం వినబడుతలేదు."

"ఎట్ల వినబడుతది? పుట్టినప్పటిసంది నీ చెవులల్ల మీ అమ్మనే మాట్లాడుతున్నది. ఆమె ఆపితే అయ్యగారు, అయ్యగారు ఆపితే నువ్వు. గాయనకు సందేది? సోమవారం పొద్దుగాల రా. గా చాట జర ఇటు జరుపు."

సోమవారం పోయాను. చెంబు బోర్లించే ముందు ఆమె చెప్పిన పాఠమంతా ఇంతే. "ఏమడగకు. ఏం చెప్పకు. నిద్రొస్తే పండుకో, ఆయనేమనుకోడు." నేను కళ్లు మూసుకుని, గొప్ప స్వరమేదో వస్తుందని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. కాలు తిమ్మిరెక్కింది. దోమ కుట్టింది. పక్కింట్లో ఎవరో పోపు వేశారు, దానితో ఆకలి మొదలైంది. వెనక గల్లీలో గౌస్ భాయి డ్రమ్ము ఒకటే మోత. నా తలలోనేమో అమ్మతో వాదిస్తున్నాను, అయ్యగారికి నచ్చజెబుతున్నాను, సంఘం ముందు నిలబడి క్షమాపణ కోరుతున్నాను. పైకి నోరు మూసుకున్నానే గాని, అంత వాగుడు నేను జన్మలో వాగి ఉండను. పెద్దమ్మ మాత్రం గోడకు ఆనుకుని, ఎండలో చలి కాచుకుంటున్నట్టు హాయిగా కూర్చుంది. మధ్యలో కాస్త గురక కూడా పెట్టింది.

అన్నం వేళకు లేచి చెంబు తీసి, "ఏమినబడ్డది?" అని అడిగింది.

"గౌస్ భాయి డ్రమ్ము."

"మంచిదే. ముందు గది వినాలె. వచ్చే సోమవారం రా."

నేను ఆ మాట గౌస్ భాయికి చెప్పి నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ సాయంత్రమే టోపీ సర్దుకుని పెద్దమ్మ గుమ్మం ముందు నిలబడ్డాడు. "అమ్మా, నాకెరుక లేకపాయె. నువ్వు చుప్‌చాప్ కూసునే టైం జర చెప్పు. మసీదుల అజాఁ అయ్యేటప్పుడు బంద్ పెడుతనే ఉన్న, నీకు సుత బంద్ పెడ్త."

"ఫికర్ చెయ్యకు గౌసూ" అంది ఆమె. "నీ డ్రమ్ము బయట తిరుగుతది. నా లోపటిది దానికన్న పెద్దగ తిరుగుతది. నువ్వు నీది ఆపితే నాది ఇంకా గట్టిగ ఇనబడుతది. నడుపుకో నాయనా."

ఈ అలవాటు ఎట్లా పట్టుకుందని ఒక మంగళవారం అడిగితే చెప్పింది. ఆమె భర్త పోయిన ఏడు, ఇంటికి వచ్చినవాళ్లంతా ఓదార్పు మాటలు చెప్పి, ప్రార్థనలు చేసి పోయేవారట. ఆమె కూడా బడిలో పాఠాలు, ఇంటికొచ్చి ప్రార్థనలు, నోటికి విశ్రాంతి లేకుండా గడిపిందట. చివరికి గొంతులో పుండై మాట పోయింది. నిజామాబాదు డాక్టరు నెల రోజులు నోరు మెదపవద్దన్నాడట.

"ముందు మస్తు ఏడ్సిన బిడ్డా. మొగడు పాయె, గొంతు పాయె, ఇగ ప్రార్థన సుత పాయె అనుకున్న. ఒకనాడు పొద్దుగాల గిట్లనే కూసున్న. ఏం చెప్పనీకె లేదు. అప్పుడు ఎరుకైంది, నేను చెప్పకున్న ఆయన గాడనే ఉన్నడు. గన్ని దినాలు నా లొల్లిల నేను చూడలే. గొంతు మంచిగైనంక ఒక్క పూటన్న గాయనకు ఉంచాలె అనుకున్న." అంతలోనే మాట మార్చి, పక్కింటి వాళ్ల మేనరికం సంబంధం ఎందుకు తప్పిపోయిందో చెప్పడం మొదలుపెట్టింది. ఆమెతో వచ్చిన చిక్కే అది.

కొన్ని వారాలు గడిచాక నాకు కూర్చోవడం వచ్చేసింది అనుకున్నాను. వీపు నిటారుగా, ముఖం ప్రశాంతంగా పెట్టి, ఆమె మెచ్చుకుంటుందని ఎదురుచూసేవాణ్ణి. ఆమె మెచ్చుకోలేదు సరికదా, ఒకనాడు చెంబు చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నన్ను ఆపేసింది. "ఇయ్యాల నా పక్కన ఒద్దు. గుట్ట మీదికి పో, ఒక్కనివే. నేను చూస్తున్ననని మంచిగ కూసుంటున్నవ్. గది కూసునుడు కాదు, కూటంల వాక్యం చెప్పుడసొంటిదే." నాకు కోపం నషాళానికి అంటింది. ఇంత చేస్తే ఈ మాటా! కోపంతోనే గుట్ట ఎక్కాను. ఆర్మూరు గుట్టల నల్లరాళ్లు పొద్దున్నే వేడెక్కుతాయి. నీడ చూసుకుని కూర్చున్నాను. దూరంగా రెండు మేకలు తప్ప నన్ను చూసేవాళ్లు లేరు. కింద కల్లాల నిండా ఆరబోసిన పసుపు, ఆ అవతల జాతీయ రహదారి మీద లారీలు. పుట్టి బుద్ధెరిగాక నా నుంచి ఎవరూ ఏమీ ఆశించని పూట అదే మొదటిది.

అక్కడ నాకు ఏ స్వరమూ వినబడలేదు. ఆ సంగతి దాచుకోను. పొమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. చాలాసేపటికి కోపం పోయింది, ఆ తర్వాత వాదనలు అయిపోయాయి, ఆ తర్వాత చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే. నన్నెవరూ తరమడం లేదు. చిన్నప్పటి నుంచి నా వెనక ఎవరో కర్ర పట్టుకుని వస్తున్నారని నేను పరుగెత్తుతున్నాను. వెనక్కి తిరిగి చూస్తే అక్కడ కర్ర లేదు, ప్రేమగా చూస్తున్న ఒకాయన ఉన్నాడు, అంతే. రాయి మీద కూర్చుని హాయిగా ఏడ్చాను. గుట్ట దిగేటప్పుడు, గౌస్ భాయి దగ్గర పని నేర్చుకుంటానని నాలో నేను అనుకుంటే గుండె దడదడలాడలేదు.

"అది దేవుని మాటనా పెద్దమ్మా, నా మనసేనా?" అని మరునాడు అడిగాను.

"నాకెట్ల ఎరుక? నేను సుత మస్తు సార్లు తప్పు విన్న. నువ్వు పాస్టరువైతె ఆయన సంతోషపడుతడు, కాకున్న సంతోషపడుతడు గావొచ్చు. ఒక్కటి మాత్రం గట్టిగ చెప్త. భయపెట్టి, బుగులు పెట్టి తోలే గొంతు ఆయనది కాదు. గది ఎవల గొంతైన కానీ, ఆయనది కాదు."

ఆ ఆదివారం అన్నం తిన్నాక అమ్మతో చెప్పాను. సెమినరీకి పోను, పసుపు పని నేర్చుకుంటాను అన్నాను. ఆమె అరవలేదు. అరుస్తుందనే నేను గుండె దిటవు చేసుకుని ఉన్నాను, అరవకపోయేసరికి భయమేసింది. నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది, జ్వరం చూసినట్టు. ఆ రాత్రి ఆమె తినలేదు. తెల్లవారి లేచేసరికి కొంగు బిగించుకుని వీధి దాటుతోంది. సోమవారం. గడప మీద చెంబు బోర్లించే ఉంది. ఆ చెంబును కాలితో తన్ని లోపలికి పోయింది. అది ఠంగుమని దొర్లి వీధి పక్క మురికి మోరీలో పడింది. నేను వెనకాలే పరుగెత్తాను గాని గుమ్మం దాటడానికి ధైర్యం చాలలేదు.

"నా కొడుకునే దొరికిండా నీకు?" అమ్మ గొంతు వీధి చివరికి వినబడి ఉంటుంది. "పిల్లలు లేని దానివి, నీకేమెరుక కడుపు తీపి? దేవునికిచ్చినోన్ని గుంజుకుంటవా? ఏం మందు పెట్టినవ్ వానికి? నోరు మూసుకోని కూసుంటే పెద్ద భక్తురాలివా?"

ఆ పిల్లలు లేని మాటకు ఎవరైనా సరే జవాబు ఇచ్చి తీరతారు. వాడకట్టంతా జడిసే ఆ నోరు మాత్రం మెదల్లేదు. రత్నమ్మ పెద్దమ్మ ముఖం ఎర్రబడింది. చాప మీద కాస్త జరిగి, పక్కన చోటు చూపించి, చేత్తో తట్టింది. అమ్మ నిలబడే ఇంకా తిట్టింది. తిట్లు అయిపోయాయి. అన్నవే మళ్లీ అంది. ఎదుటివాళ్లు జవాబివ్వకపోతే ఎంత కోపానికైనా ఊతం ఉండదు కదా. చివరికి ఆమె కూలబడింది. ఇద్దరూ పక్కపక్కన గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఎంతసేపో నేను చెప్పలేను. నేను గుమ్మం బయట మెట్టు మీద కూర్చుని నా వేళ్ల సందుల్లో పసుపు చూసుకుంటూ ఉన్నాను.

లోపలి నుంచి అమ్మ గొంతు వచ్చింది. అంత చిన్న గొంతు ఆమెకు ఉందని నాకు తెలియదు.

"వాన్ని తీస్కపోతడక్కా. మొక్కు తప్పితే వాన్ని సుత తీస్కపోతడు, పిల్లను తీస్కపోయినట్టు. వానికి జర ఒళ్లు కాలితె చాలు, ఇగ వచ్చిండు, ఇగ అడుగుతుండు అనుకుంట. గిన్నేండ్లసంది ఒక్క రాత్రి కడుపు నిండ నిద్రపోలే."

భక్తి అనుకున్నాను, పంతం అనుకున్నాను, సంఘంలో పేరు కోసం అనుకున్నాను. ఇన్నేళ్లూ మా అమ్మ నా ప్రాణానికి కాపలా కాసింది, అదీ దేవుని నుంచి. అంత బిగ్గరగా ప్రార్థించింది ఈ ఒక్క మాట తనకు వినబడకుండా ఉండడానికేనేమో.

చెంబు బోర్లించాక రత్నమ్మ పెద్దమ్మ మాట్లాడడం నేను విన్నది ఆ ఒక్కసారే.

"శాంతా, గాయన గసొంటోడే అయితే, గిన్నేండ్లు తలుపేసుకోని ఒక్కదాన్ని ఆయనతోని కూసుందునా?"

చాలాసేపటికి ఏడుపు వినబడింది, అది కూడా మెల్లగానే. అన్నం వేళకు ఇద్దరూ బయటకు వచ్చారు. అమ్మ నన్ను పలకరించకుండా మోరీలోకి వంగి చెంబు తీసి, మా ఇంటికి తెచ్చి చింతపండు పెట్టి తళతళలాడేలా తోమి, మళ్లీ తీసుకుపోయి వాళ్ల గడప పక్కన పెట్టి వచ్చింది. మరుసటి సోమవారం నుంచి పెద్దమ్మ చాప మీద నా చోటు పోయింది. అక్కడ అమ్మ కూర్చునేది.

ఒక్క రోజులో అన్నీ చక్కబడ్డాయని చెబితే అబద్ధం. సంఘంలో కొందరు నాతో మాట మానేశారు. అయ్యగారు మాత్రం "పసుపులో ఉండి కూడా ఆయనకు పనికి రావచ్చు లేవయ్యా" అని భుజం తట్టారు. అమ్మ కొన్నాళ్లు మెరుగ్గా ఉండేది, నాకు దగ్గు వస్తే చాలు మళ్లీ ముఖం పాలిపోయేది. కాని సోమవారాలు మానలేదు. ఒకనాడు సాయంత్రం ప్రార్థన చివర ఎప్పుడూ అనే మాట దగ్గర ఆగిపోయింది. నేను కళ్లు తెరిచి చూశాను. "నా కొడుకును మంచిగ చూడు తండ్రీ" అని ముగించి లేచి, పొయ్యి దగ్గరకు పోయింది. నేను వెళ్లి పళ్లెం ముందు కూర్చున్నాను. గౌస్ భాయి ముసలివాడై యూనిట్ నాకు అప్పగించేటప్పుడు, మొదటి డ్రమ్ము పసుపు అమ్మ చేతుల మీదుగానే పోయించాను.

రత్నమ్మ పెద్దమ్మ మూడేళ్ల కిందట ఎండాకాలంలో, ఒక మంగళవారం, పొద్దుటి ముచ్చట్లన్నీ అయ్యాక, నిద్రలోనే పోయింది. ముచ్చట్లు మిగుల్చుకోకుండా పోయిందని వాడకట్టు వాళ్లు ఏడుస్తూనే నవ్వారు. ఆమె నాకు ఏ దారీ చూపలేదు. చూపమని ఎన్నిసార్లు బతిమాలినా చూపలేదు. నా దగ్గర నా సమాధానం ఉందో లేదో కూడా తెలియకుండానే, అది బయటపడేదాకా పక్కన కూర్చుంది. అంత ఓపికగా నన్ను నమ్మినవాళ్లు ఇంకెవరూ లేరు. ఇప్పుడు నేనూ వారంలో ఒక పూట యూనిట్ తాళం వేసి గుట్ట ఎక్కుతాను. పెద్ద పెద్ద అనుభవాలేమీ లేవు, ఎక్కువసార్లు బెల్టులూ బేరింగులూ గురించే ఆలోచన వస్తుంది. అయినా దిగేటప్పుడు నా మీద నాకు జాలి తగ్గి ఉంటుంది, ఇంట్లో వాళ్ల మీద చిరాకు తగ్గి ఉంటుంది. ఆమెకు థాంక్స్ చెప్పుకోకుండా నేను ఏనాడూ ఆ గుట్ట దిగలేదు.

పోయిన వానాకాలం నాకు డెంగీ వచ్చింది. కాస్త ముదిరాకే నిజామాబాదు తీసుకుపోయారు. స్పృహ వచ్చీ పోతూ ఉండేది. వచ్చినప్పుడల్లా చుట్టూ గోల. నా భార్య ఏడుపు, సంఘం వాళ్ల ప్రార్థనలు, మా అత్త ఏదో మొక్కుకుంటూ ఉండటం, గౌస్ భాయి దర్గా నుంచి తెచ్చిన దారం. వాళ్లందరి ప్రేమకూ నేను రుణపడి ఉన్నాను. మూడో నాడో నాలుగో నాడో పొద్దున కళ్లు తెరిస్తే గోల లేదు. కిటికీలోంచి ఎండ వచ్చి దుప్పటి మీద పడింది. మంచం పక్కన స్టూలు మీద అమ్మ కూర్చుని ఉంది. నా పాదం మీద చెయ్యి వేసి, పెదవులు కదపకుండా, కిటికీ వైపు చూస్తోంది. ముఖంలో ఆ పాత భయం కోసం వెతికాను. అలసట ఉంది, ఏడ్చిన ఆనవాలు ఉంది, అది మాత్రం లేదు.

"ఏం మొక్కినవమ్మా?" అని అడిగాను.

"ఏం మొక్కలే బిడ్డా" అంది, నా పాదం మీద దుప్పటి సర్దుతూ. "ఊకెనే కూసున్న. గాయన సుత ఊకెనే కూసున్నడు."